డ్రిల్లు సారు కుళ్ళు

ఆ రోజు ఉదయం రూతు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచింది. భర్త దయానంద్ చూశాడు. చూడనట్టు పేపరు మీదికి తల వంచుకున్నాడు.

పదేళ్లుగా ఆమెకు కుర్చీలోంచి లేవడమంటే పెద్ద పని. ముందు రెండు చేతులూ మోపేది, "ప్రభువా" అనేది, ముందుకూ వెనక్కూ ఊగి మూడోసారికి లేచేది. లేచాక కూడా మోకాళ్లు కుదురుకునేదాకా అక్కడే నిలబడేది. చక్కెర వ్యాధి ఇరవై ఏళ్లనాటిది, మోకాళ్ల నొప్పులు పదేళ్లనాటివి. అలాంటిది, ఇప్పుడు పాలు పొంగే చప్పుడు వినగానే ఎవరో పిలిచినట్టు లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తాను అలా లేచిన సంగతి ఆమెకే తెలియలేదు.

దయానంద్‌కు తెలిసింది. ఒళ్లో పడి ఉన్న తన కుడిచేతి వంక చూసుకున్నాడు. సంతోషించాల్సిన సంగతే కదా, అనుకున్నాడు. సంతోషం రాలేదు.

అతను ముప్పై నాలుగేళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయిన మనిషి. అందులో పదహారేళ్లు పూతలపట్టు హైస్కూల్లోనే. ఆ చుట్టుపక్కల నలభై దాటిన మగవాళ్లలో చాలామంది ఇప్పటికీ అతన్ని చూస్తే చొక్కా సర్దుకుంటారు. రిటైరయ్యాక చిత్తూరు కట్టమంచిలో ఇల్లు కట్టుకుని, రోజూ ఉదయం మైదానంలో ఎనిమిది రౌండ్లు పరుగెత్తేవాడు. బీపీ ఉందని డాక్టరు చెప్పినా, పరుగెత్తేవాడికి బిళ్లలెందుకని వేసుకునేవాడు కాదు.

రూతును చూసి నవ్వేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆమె ముందే చెప్పేవాడు.

"ఊళ్లో పిలకాయలందర్నీ పరిగెత్తించినా. ఇంట్లో ఈ ఒక్క మూటను మాత్రం కదిలించలేకపోయినా."

వచ్చినవాళ్లు నవ్వేవారు. రూతు కూడా నవ్వి, కాఫీ పెట్టే వంకతో లోపలికి వెళ్లేది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, మూడో రౌండులో ఉండగా, దయానంద్ కుడికాలు అతని మాట వినడం మానేసింది. పడ్డాడు. లేవబోతే కుడిచెయ్యి కూడా లేదు. తిరుపతిలో ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఉంచారు. మాట తిరిగి వచ్చింది. వంకరపోయిన మూతి సరయింది. కర్ర పట్టుకుని కాలు ఈడ్చుకుంటూ నడవగలిగాడు. చెయ్యి మాత్రం బొడ్డు దాటి పైకి రాలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకే మాట పదిసార్లు చెప్పాడు: రోజూ వ్యాయామం చెయ్యాలి, మానితే ఉన్నది కూడా పోతుంది.

దయానంద్‌కు వ్యాయామం గురించి ఇంకొకరు చెప్పడం! చర్చి వీధిలోని ఫిజియోథెరపీ గదిలో స్రవంతి అనే పాతికేళ్ల అమ్మాయి అతని చేతిలో ఒక ఆకుపచ్చ రబ్బరు బంతి పెట్టి, "పదిసార్లు పిసకండి సార్" అంది. బల్ల మీద తువ్వాలు పరిచి, దాన్ని ముందుకు తొయ్యమంది. ఒక్కో వేలూ ఎత్తి దించమంది. కబడ్డీ జట్లను జిల్లా దాటించిన మనిషికి అది పసిపిల్లల ఆటలా అనిపించింది. నాలుగుసార్లు పిసికి పది అని చెప్పేవాడు.

వారానికి మూడు రోజులు రూతే అతన్ని ఆటోలో తీసుకెళ్లేది. అతను లోపల ఉంటే ఆమె బయట బెంచీ మీద కూర్చునేది. మూడో వారంలో ఒక రోజు స్రవంతి తలుపు తీసి, "అమ్మా, ఊరికే కూసోని ఏం చేస్తారు? మోకాళ్ల నొప్పి అన్నారు గదా. రాండి, మీగ్గూడా రెండు చెప్తాను" అంది.

"నాకెందుకమ్మా? నేను సారును తోలుకోని వచ్చేదాన్ని."

"తోలుకోని వచ్చేదానికైనా కాళ్లు బాగుండాల గదమ్మా."

అలా మొదలైంది. చుట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టుకుని, అయిదు లెక్కపెట్టేదాకా అదిమి ఉంచడం. కుర్చీలో కూర్చుని లేవడం, మొదట మూడుసార్లు, తర్వాత అయిదు, తర్వాత పది. కిటికీ చువ్వలు పట్టుకుని మడమలు ఎత్తడం. రూతు పొద్దున ప్రార్థన అయ్యాక ఇవన్నీ చేసేది. ఒక్కటి కూడా తగ్గించేది కాదు. ఆ పిల్ల పది అంటే పదే.

"ఒలింపిక్సుకు పోతావా ఏంది?" అన్నాడు దయానంద్ ఒక రోజు.

"పోతానులే, గమ్మునుండండి" అంది ఆమె, ఏడో సారి లేస్తూ.

అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె చేతులు ఆనించకుండా లేచిన ఆ ఉదయం తర్వాత అతనికి నవ్వు రాలేదు.

వెనక వీధిలో పంకజాక్షి అని ఒకావిడ ఉంది. డెబ్బై ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెకు బైపాస్ ఆపరేషన్ అయింది. డాక్టరు నడవమన్న రోజు నుంచి ఒక్కపూట కూడా మానలేదు. ఆవిడ రూతును మైదానానికి పిలుచుకుపోయింది. మొదటి రోజు రూతు అర రౌండు నడిచి గడ్డి మీద కూలబడింది. నెల తిరిగేసరికి రెండు రౌండ్లు. ఆగస్టుకు నాలుగు. నాయుడుపేటలో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేసే కూతురు అమల తెల్ల బూట్లు పంపింది. అరవై నాలుగేళ్లలో మొదటిసారి బూట్లు వేసుకున్న రూతు అద్దం ముందు నిలబడి, పాదాలు ఇటూ అటూ తిప్పి చూసుకుని సిగ్గుపడింది.

దయానంద్‌ను ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టం లేక అతన్ని కూడా తీసుకెళ్లేది. అతను సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడు. తాను ఎనిమిది రౌండ్లు పరుగెత్తిన మైదానం అదే. పడిన చోటు కూడా అక్కడి నుంచి కనిపిస్తుంది.

ఆ బెంచీ మీదే అతనిలో కుళ్ళు పెరిగింది. పాత శిష్యులు వచ్చి, "బాగుండారా సార్?" అని రెండు మాటలు మాట్లాడేవారు. తర్వాత వాళ్ల చూపు మైదానం మీదికి పోయేది.

"మేడమ్ భలే నడస్తా ఉండారు సార్! అంతా మీ ట్రైనింగే గదా?"

"అవును" అనేవాడు దయానంద్.

ఆ అబద్ధం చెప్పిన రోజు ఇంటికి వచ్చి రూతుతో సరిగా మాట్లాడేవాడు కాదు. ఆమె ఎన్ని నిమిషాల్లో రౌండు పూర్తి చేస్తోందో మనసులో లెక్కపెట్టేవాడు. నిన్నటికంటే ఆలస్యమైతే అతనికి తేలిగ్గా ఉండేది. ఒక రోజు మోకాలు పట్టేసి ఆమె మూడో రౌండులోనే ఆగిపోయింది. ఆ ఉదయం అతను ఇడ్లీలు రెండు ఎక్కువ తిన్నాడు.

తన వ్యాయామం అతను జూలైలోనే మానేశాడు. "నా చెయ్యి ఇంతే. బొడ్డు దాటి రాదు. ఆ పిల్లకేం తెలుసు?" అన్నాడు. రూతు బతిమాలింది, కూతురి చేత ఫోనులో చెప్పించింది. వినలేదు. ఆమె ముందు ఆ బంతి పిసకడం కంటే చెయ్యి అలాగే ఉండిపోవడమే నయం అనిపించేది అతనికి.

ఆగస్టు చివర్లో అమల వచ్చినప్పుడు ఒక డబ్బా పాలకోవా తెచ్చింది. ఆమె వెళ్లిపోయాక ఆ రాత్రి భోజనంలో దయానంద్ ఎడమచేత్తో రెండు బిళ్లలు తీసి రూతు కంచంలో పెట్టాడు.

"వద్దండీ, చక్కెర."

"ఇంత నడస్తా ఉండావు గదా, రొంత తింటే ఏమవతాది? తిను."

భర్త తన కంచంలో ఏదైనా పెట్టి ఎన్నేళ్లయిందో రూతుకు గుర్తులేదు. ముఖం విప్పారింది. రెండూ తింది. మరుసటి రోజూ పెట్టాడు. మూడో రోజు ఉదయం ఆమె వేలు గుచ్చుకుని చక్కెర చూసుకుంటుంటే అతను మెడ చాచి చూశాడు. నూటా పద్దెనిమిది. అంత తక్కువా! ఒక క్షణం తర్వాత, దేనికి నిరాశ పడ్డాడో అర్థమై అతనికే భయం వేసింది. లేచి పెరట్లోకి వెళ్లి, కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ పాలకోవా డబ్బాను పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు. కుళ్ళు మాత్రం అలాగే ఉంది.

అక్టోబరులో తిరుపతిలో ఎవరో నడకసంఘం వాళ్లు అరవై దాటిన ఆడవాళ్లకు మూడు కిలోమీటర్ల నడక పోటీ పెట్టారు. పంకజాక్షి తన పేరుతో పాటు రూతు పేరు కూడా ఇచ్చింది. రూతు రెండు రోజులు వద్దని, మూడో రోజు నుంచి నిద్రలో కూడా దాని గురించే ఆలోచించింది. ఆ వారం ఒక సాయంత్రం భర్త పక్కన వచ్చి కూర్చుంది.

"ఏమండీ, బిరబిరా నడిచేటప్పుడు చేతులు ఎట్లా పెట్టుకోవాల? పంకజక్క ఒకమాదిరి చెప్తాది, ఆ స్రవంతి ఒకమాదిరి చెప్తాది. మీరు చెప్పండి."

అతనికి తెలుసు. వందలమందికి నేర్పాడు.

"నడిచేది గూడా నేర్పించాల్నా?" అన్నాడు. "చేతులు బాగుండేవాళ్లకు అవే ఊగతాయి."

రూతు లేచి వెళ్లిపోయింది. చేతులు ఆనించకుండానే.

పోటీకి ముందురోజే పంకజాక్షి తిరుపతిలో చెల్లెలి ఇంటికి వెళ్లింది. అందుకని ఆ ఉదయం బస్సులో భార్యాభర్తలిద్దరే ఉన్నారు. రూతు నీలం చుడీదారు, తెల్ల బూట్లు వేసుకుంది. సంచిలో నీళ్ల సీసా, తువ్వాలు, ఉడకబెట్టిన శనగలు. పోటీ పదింటికి. టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరు దయానంద్‌ను చూడగానే మిషను చంకన పెట్టుకుని చేతులు జోడించాడు.

"సార్! నేను మునికుమార్ని సార్. పూతలపట్టులో టెంతు. ఖోఖోలో మీరు నన్ను చివర్న కూసోబెట్టేవాళ్లు."

దయానంద్‌కు గుర్తొచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉండే పిల్లవాడు. ఇప్పుడు జుట్టు పలచబడింది. మునికుమార్ కళ్లు కర్ర మీదికీ కుడిచేతి మీదికీ పోయి, మర్యాదగా వెనక్కి వచ్చాయి. దయానంద్ ఆ చూపును పట్టుకున్నాడు.

"ఎంతవరకు సార్?"

"తిరుపతి" అంది రూతు. ఆగలేక చెప్పేసింది. "నడక పోటీకప్పా."

"సారు చేయిస్తా ఉండారా పోటీ?"

"లేదప్పా. నేనే నడవాల."

మునికుమార్ నోరు తెరిచి, ఆమె బూట్ల వంక చూసి, బస్సంతా వినబడేలా అరిచాడు. "అబ్బా, సూడండబ్బా! మా డ్రిల్లు సారు భార్య. ఈ వయసులో తిరుపతికి పోటీకి పోతా ఉండారు!"

బస్సులో తలలన్నీ తిరిగాయి. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో బస్సు నిండా ఆడవాళ్లే ఉన్నారు. ముందు సీటులో ఉన్న ఇద్దరు వెనక్కి తిరిగి, ఎంత దూరం నడుస్తారు, మోకాళ్లు నొప్పి పుట్టవా, ఏం తింటారు అని అడగడం మొదలుపెట్టారు. ఒకామె వంగి బూటు తాకి చూసింది. రూతు సిగ్గుపడుతూ, ఒక్కో ప్రశ్నకూ నిదానంగా జవాబు చెప్పింది. తువ్వాలు చుట్టి మోకాలి కింద ఎలా పెట్టాలో చేత్తో చూపించింది కూడా. ఆమె గొంతు అంత నిబ్బరంగా పలకడం దయానంద్ నలభై ఏళ్లలో వినలేదు. అందరూ తన వైపు తిరిగి వినడం అతనికి అలవాటు. ఆ వినడం ఇప్పుడు పక్క సీటుకు జరిగింది.

రెండు వరసల వెనక ఎవరో గుసగుసగా అడిగారు. "పక్కన ముసలాయన ఎవురు?"

"మొగుడు. పక్షవాతంలా ఉండాది. పాపం, తోడుకు తెచ్చుకున్నట్టుండాది."

పాపం. ఆ మాట అతని చెవిలో దిగింది. కిటికీలోంచి పూతలపట్టు కూడలి కనిపించింది. ఎడమవైపు బడికి పోయే రోడ్డు. ఆ రోడ్డు మీద పిల్లల్ని వరసగా పరుగెత్తిస్తూ తాను సైకిలు మీద వెంట వెళ్లిన రోజులు. ఇంకో గంటన్నరలో ఆమె ఒక మైదానంలో నిలబడుతుంది. ఎవరో ఈల వేస్తారు. అతను గ్యాలరీలో కర్ర పట్టుకుని పాపంలా కూర్చుంటాడు.

దయానంద్ ముందుకు వంగి రొమ్ము పట్టుకున్నాడు.

"రూతూ, నొప్పి. గుండెలో."

రూతు కేక వేసింది. మునికుమార్ బస్సు ఆపించి, ఇద్దరు మగవాళ్ల సాయంతో అతన్ని దించాడు. కూడలిలోనే ఒక చిన్న క్లినిక్కు ఉంది. మంచం మీద పడుకోబెట్టేదాకా మునికుమార్ అక్కడే ఉండి, "సార్, ఏం కాదు సార్" అని అంటూనే ఉన్నాడు. అతని కళ్లలో నీళ్లు. బస్సు హారన్ రెండుసార్లు కొట్టాక, ఫోను నంబరు రూతుకిచ్చి పరుగెత్తాడు.

యువకుడైన డాక్టరు ఛాతీకి వైర్లు తగిలించి ఈసీజీ తీశాడు. బీపీ చూశాడు. కాసేపటికి మళ్లీ తీశాడు. "గుండె బాగుంది. గ్యాస్ అయ్యుండొచ్చు. పోయినసారి స్ట్రోక్ వచ్చింది కాబట్టి ఒక గంట ఇక్కడే పడుకోండి" అని చెప్పి, వేరే రోగుల దగ్గరికి వెళ్లాడు.

రూతు మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. హడావుడిలో బూట్లకు బురద అంటింది. ఆమె ఫోను మోగింది. పంకజాక్షి.

"యాడ ఉండావు రూతూ? పేర్లు పిలస్తా ఉండారు!"

"సారుకు బాగలేదక్కా. పూతలపట్టులో ఆస్పత్రిలో ఉండాము. లేదు, భయం లేదంట. నువ్వు నడువక్కా."

ఫోను సంచిలో పెట్టి, ఆమె అతని వైపు తిరిగింది.

"ఏ చేత్తో పట్టుకున్నావు?" అంది.

పెళ్లయినప్పటి నుంచి ఆమె అతన్ని మీరు అనే పిలిచింది. దయానంద్‌కు ముందు ఆ నువ్వే వినబడింది, ప్రశ్న తర్వాత వినబడింది.

"ఏంది?"

"గుండెను ఏ చేత్తో పట్టుకున్నావు?"

అతను తల వంచి చూసుకున్నాడు. వైర్లు తీశాక కుడిచెయ్యి మళ్లీ రొమ్ము మీదికి చేరి ఉంది, వేళ్లు చొక్కాను పట్టుకుని ఉన్నాయి. అది ఎప్పుడు పైకి వచ్చిందో అతనికి తెలియదు.

"బొడ్డు దాటదంటివే."

దయానంద్ చొక్కా వదిలేశాడు. పక్క గదిలో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది.

"నొప్పి లేదు" అన్నాడు చివరికి.

"తెలుసు. ఆయప్ప వైర్లు పెట్టకముందే తెలుసు."

"నిన్ను సూస్తే కుళ్ళుగా ఉండాది నాకు." అతను పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు లేస్తే కుళ్ళు, నడిస్తే కుళ్ళు. ఎవురన్నా నీతో మాట్లాడినా కుళ్ళే. ఆ పాలకోవా... నీ చక్కెర పెరగాలనే పెట్టినా."

అంతవరకూ కోపంగా ఉన్న రూతు ముఖం ఆ మాటకు మారిపోయింది. పాలకోవా సంగతి ఆమెకు అంతవరకూ తెలియదు.

"ప్రేమగా పెట్టినావనుకున్నాను" అంది.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. బయట బస్సులు వచ్చి పోతున్నాయి. తిరిగి చూడకుండానే మాట్లాడింది.

"నలభై ఏండ్లు నువ్వు పరిగెత్తతా ఉంటే నేను సూసినాను. వచ్చినోళ్లందరి ముందరా నన్ను మూట అంటివి. నాకు మాత్రం కుళ్ళు లేదనుకున్నావా? ఉండింది. పండుకుంటే గూడా ఉండింది. అయినా నీ కాళ్లకు ఎప్పుడన్నా అడ్డం పడినానా? నీ బూట్లు తుడిచి పెట్టినాను."

గంట గడిచాక ఇద్దరూ చిత్తూరు బస్సు ఎక్కారు. రూతు అతన్ని సీటులో కూర్చోబెట్టి, కర్ర చేతికిచ్చి, తాను వెళ్లి ముందు సీటులో కూర్చుంది.

మరుసటి రోజు ఉదయం ఆమె అతన్ని లేపలేదు. టిఫిను బాక్సులో పెట్టి, బూట్లు వేసుకుని వెళ్లిపోయింది. అన్నం పెట్టింది, బిళ్లలు ఇచ్చింది, దుప్పటి మార్చింది. మాట్లాడలేదు. అమల ఫోను చేస్తే ఇద్దరూ ఏమీ జరగనట్టు వంతులవారీగా మాట్లాడేవారు. అలా తొమ్మిది రోజులు.

ఆమె మైదానంలో ఉన్నప్పుడు దయానంద్ అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి ఎత్తి చూశాడు. బొడ్డు దగ్గర ఆగిపోయింది. బస్సులో చేసినట్టు ముందుకు వంగి, నొప్పి వచ్చినట్టు ముఖం పెట్టి చూశాడు. రాలేదు. సిగ్గేసింది. మళ్లీ ప్రయత్నించాడు. నాలుగో రోజు వేళ్లు చొక్కా మూడో గుండీని తాకాయి. దయానంద్ ఆ రోజే షేర్ ఆటో ఎక్కి ఒంటరిగా చర్చి వీధికి వెళ్లాడు.

"మూడు నెల్లు యాడికి పోయినారు సార్?" అంది స్రవంతి, కోపం దాచుకోకుండా.

"రొమ్ము దాకా వచ్చిందమ్మా చెయ్యి."

"ఎట్లా వచ్చింది?"

"అబద్ధం చెప్పేటప్పుడు."

ఆ అమ్మాయి అది పరిహాసం అనుకుని నవ్వింది. ఆకుపచ్చ బంతి ఇచ్చింది. ఈసారి అతను పది అంటే పది పిసికాడు. ఇంట్లో పళ్లెంలో శనగలు పోసుకుని, కుడిచేతి వేళ్లతో ఒక్కొక్కటీ తీసి గ్లాసులో వేసేవాడు. మొదటి రోజు అరగంటలో ఆరు గింజలు. మిగతావన్నీ నేల మీద. రూతు చీపురు తెచ్చి ఊడ్చేది, ఏమీ అనకుండా.

అతనిలో కుళ్ళు పోయిందని కాదు. ఆమె బూట్ల చప్పుడు గేటు దగ్గర వినబడగానే అతని ఒళ్లు ఇప్పటికీ బిగిసేది. ఇప్పుడు ఆ బిగువుతోనే ఇంకో రెండు గింజలు తీసేవాడు. ఆమె ఆరు రౌండ్లు తిరిగిందని పంకజాక్షి వాకిట్లో చెబుతుంటే వినపడి, కోపంతో కుర్చీలోంచి పదకొండోసారి లేచేవాడు. బీపీ బిళ్ల కూడా తనే అడిగి వేసుకునేవాడు.

పదో రోజు మైదానానికి తనే వెళ్లాడు. కంచె పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. పడిన చోటు దాటేటప్పుడు చెమట పట్టింది. రూతు, పంకజాక్షి అతన్ని దాటి వెళ్లారు. ఒక రౌండు తిరిగి మళ్లీ దాటారు. మూడోసారి దాటబోతూ రూతు వేగం తగ్గించింది.

"కాలు ఈడస్తా ఉండావు" అంది. "మోకాలు పైకెత్తి వెయ్యి."

ముప్పై నాలుగేళ్లు ఇలాంటివి అతనే చెప్పాడు.

"నాకు తెలుసులే."

"తెలిస్తే ఎత్తు."

ఆమె వెళ్లిపోయింది. దయానంద్ ఆమె వీపు వంక కాసేపు కోపంగా చూసి, మోకాలు ఎత్తి వేశాడు. ఆ రోజు అర రౌండు నడిచాడు. ఆమె మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. మీరు అనే పిలుపు మాత్రం తిరిగి రాలేదు. అతను దాని గురించి అడగలేదు.

ఫిబ్రవరిలో ఆ నడకసంఘమే తిరుపతిలో ఇంకో పోటీ పెట్టింది. ఈసారి పోటీకి వారం ముందు రూతు ఏమీ అడగలేదు. దయానందే సాయంత్రం ఆమెను వాకిట్లో నిలబెట్టి, ఎడమచేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుని ఎంత వంచాలో చూపించాడు. భుజాలు బిగించొద్దని, అడుగు పెద్దది వెయ్యబోయి ఆయాసపడొద్దని, మొదటి రౌండులో ఎవరు దాటినా దాటనివ్వమని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆ చేతులు తనవి కావే అని బాధగానే ఉంది. అయినా చెప్పాడు.

ఇరవై ఆరు మందిలో రూతు తొమ్మిదో స్థానంలో వచ్చింది. పంకజాక్షి ఆమె కంటే రెండు స్థానాల వెనక, నవ్వుతూ వచ్చింది. అందరికీ ఒక్కో సర్టిఫికెట్టు ఇచ్చి, ఫోటో తీశారు. దయానంద్ గ్యాలరీలో కూర్చుని చూశాడు.

తిరుగు ప్రయాణంలో రూతు సర్టిఫికెట్టును ఒళ్లో పెట్టుకుని, శనగలు తింటూ, "ఎట్లా ఉండింది?" అని అడిగింది.

"బాగా నడిచినావు. రెండో రౌండులో భుజాలు బిగించినావు."

"అది కాదు. నీకు ఎట్లా ఉండింది?"

"కడుపు మండింది" అన్నాడు. "నీ పేరు పిలిచినప్పుడు మరీ."

రూతు అతని ముఖంలోకి చూసింది. అబద్ధం లేదు. "రొంతా, శానానా?"

"శానా."

"పోయినసారి కంటేనా?"

"పోయినసారి కంటే రొంత తక్కువ."

ఆమె నవ్వింది. శనగల పొట్లం అతని వైపు జరిపింది. అతను కుడిచెయ్యి చాచాడు. రెండు గింజలు జారి కింద పడ్డాయి, మూడోది నోటిదాకా వచ్చింది.

చిత్తూరు బస్టాండులో దిగేసరికి సాయంత్రం అయిదయింది. ఆటోవాళ్లు చుట్టుముట్టారు. రూతు సంచి భుజానికి తగిలించుకుని, "నడుద్దామా?" అంది.

"రెండు కిలోమీటర్లు" అన్నాడు దయానంద్.

"తెలుసు."

అతను ఆటోల వైపు ఒకసారి చూసి, కర్ర ముందుకు వేశాడు. ఇల్లు చేరేసరికి గంటకు పైనే పట్టింది. దారిలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది, ఒకసారి అతని కోసం, ఒకసారి ఆమె కోసం.